ఇరవై ఒకటీ ముప్పై ఏడు: పోలండ్ వాళ్ల తలాతోకా లేని నవ్వు

(ఒక గ్రంథాలయ నెలవారీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పోలండ్ మీమ్‌ల గురించి మాట్లాడబోతున్నానని ఇంట్లో చెబితే మా అమ్మ, "ఆరేళ్లు ఆ దేశంలో ఉండి నేర్చుకొచ్చింది ఇదా?" అంది. చాలా వరకు ఇదే. వాళ్ల భాషలో సంబోధనతో కలిపి ఏడు విభక్తులున్నాయి. అవి ఈ రోజుకీ నాకు లొంగలేదు. నవ్వు మాత్రం కొంచెం ఆలస్యంగా లొంగింది. ఎలా లొంగిందో చెబుతాను.

నేను ఉద్యోగం చేసిన ఊరి పేరు వ్రోత్స్వాఫ్. చేరిన మొదటి నెలలోనే ఒక రాత్రి ఆఫీసులో పని తెమలక ఆరుగురం ఉండిపోయాం. ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు తలదూర్చి ఉన్నారు. ఉన్నట్టుండి ఒకతను కుర్చీలో వెనక్కి వాలి, గోడ గడియారం వైపు చూసి, సన్నగా ఒక కూనిరాగం తీశాడు. మిగతా నలుగురూ అందుకున్నారు. వింటే చర్చి పాటలా ఉంది. ఒక్క నిమిషం పాడారు. గడియారంలో అంకె మారగానే టక్కున ఆపి మళ్లీ పనిలో పడ్డారు. నేను మాత్రం ఇదేదో సామూహిక ప్రార్థన అనుకుని లేచి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నాను. వాళ్లు నన్ను చూశారు. ఆ తర్వాత పది నిమిషాలు ఆ గదిలో పని జరగలేదు. (నవ్వులు)

ఆ పాట పేరు బార్కా. పడవ అని అర్థం. పోప్ రెండవ జాన్ పాల్‌కు చాలా ఇష్టమైన కీర్తన. ఆయన పోలండ్ బిడ్డ. 1978లో పోప్ అయ్యారు, 2005 ఏప్రిల్ 2న రాత్రి 9 గంటల 37 నిమిషాలకు కన్నుమూశారు. అక్కడ గడియారాలు ఇరవై నాలుగు గంటల లెక్కలో నడుస్తాయి కాబట్టి అది 21:37. ఆ రాత్రి ఆ దేశం నిజంగా ఏడ్చింది. చర్చిలు చాలక జనం వీధుల్లో కొవ్వొత్తులు వెలిగించుకుని కూర్చున్నారు. ఆ దుఃఖంలో అబద్ధం లేదు. ఈ సంగతి మొదటే చెప్పకపోతే తర్వాత వచ్చే నవ్వు మీకు ఉత్త వెకిలితనంలా కనిపిస్తుంది.

అప్పటికి నా సహోద్యోగులు బడిపిల్లలు. వాళ్లు పెరుగుతున్న కొద్దీ చుట్టూ విగ్రహాలు కూడా పెరిగాయి. బడికి ఆయన పేరు, ఆస్పత్రికి ఆయన పేరు, బస్సు దిగే వీధికి ఆయన పేరు. క్రాకుఫ్ విమానాశ్రయానికైతే అంతకు ముందు నుంచే ఆయన పేరు. ఏటా బడిలో వర్ధంతి సభ, అందులో ఒకరు పద్యం చదవాలి, మిగతావాళ్లు కదలకుండా నిలబడాలి, చివర్లో బార్కా పాడాలి. పదేళ్ల పిల్లవాడిని ఏటా అలా నిలబెట్టండి. ఎక్కడో ఒకచోట వాడికి నవ్వు వస్తుంది. ఆ నవ్వును ఆపుకోవలసి వస్తే రెట్టింపు వస్తుంది.

ఆపుకున్న ఆ నవ్వంతా తర్వాత ఇంటర్నెట్‌లో బయటపడింది. పేరు చెప్పకుండా బొమ్మలు పెట్టుకునే సైట్లలో పోప్ ముఖానికి పసుపు రంగు పూసిన బొమ్మలు వెల్లువెత్తాయి. మొదట్లో అవి మొరటుగా ఉండేవి, కొన్ని నీచంగా ఉండేవి. అవి ఇక్కడ వర్ణించను. మత భావాలను గాయపరిస్తే రెండేళ్ల దాకా జైలు వేయగల సెక్షన్ అక్కడి నేరశిక్షాస్మృతిలో ఉంది, 196వది. అయినా ఆగలేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మొరటుతనం పొట్టులా రాలిపోయి లోపల గింజ మిగిలింది. ఆ గింజ ఒక అంకె. 2137.

ఆ అంకె ఎక్కడ కనిపించినా నవ్వే. దుకాణంలో బిల్లు 21 జ్లోటీల 37 గ్రోషులు వస్తే కౌంటరు దగ్గరి అమ్మాయీ, రొట్టె కొంటున్న కుర్రవాడూ ఒకరినొకరు చూసుకుని పెదవి బిగబట్టడం నేను కళ్లారా చూశాను. ఇందులో జోకు ఎక్కడుంది అని అడిగితే చెప్పడం కష్టం. ఎవరినీ వెక్కిరించలేదు. ఏ అభిప్రాయమూ లేదు. దేవుడు ఉన్నాడనీ అనలేదు, లేడనీ అనలేదు. ఆదివారం చర్చికి వెళ్లేవాడు కూడా ఆ అంకె చూసి నవ్వుతాడు.

ఇంకొక సంగతి ఉంది. ఆ పోప్ స్వయంగా సరదా మనిషి. 1999 జూన్‌లో తన సొంత ఊరు వదోవిత్సేకు వచ్చినప్పుడు వేలమంది ముందు, బడి చివరి పరీక్ష అయ్యాక మేమంతా క్రెముఫ్కాలు తినడానికి వెళ్లేవాళ్లం అని గుర్తు చేసుకున్నారు. క్రెముఫ్కా అంటే రెండు పలచటి పొరల మధ్య మందంగా మీగడ పెట్టిన మిఠాయి. ఇక ఆ ఊళ్లో ఏ దుకాణం చూసినా 'పోప్‌గారి క్రెముఫ్కా'యే. కాబట్టి మీమ్‌లు చేసేవాళ్లు పోప్‌ను వెక్కిరిస్తున్నారని నేను అనుకోను. ఆయన మీద పోసిన సిమెంటును వెక్కిరిస్తున్నారు. మిఠాయి గురించి మాట్లాడిన ముసలాయన ఆ మీమ్‌లలోనే ఎక్కువగా బతికి ఉన్నాడేమో కూడా.

సిమెంటు అంటే గుర్తొచ్చింది. 2020 సెప్టెంబరులో వార్సా జాతీయ మ్యూజియం ముందు యెజీ కలీనా అనే శిల్పి ఒక విగ్రహం పెట్టాడు. అంతకు ఇరవై ఏళ్ల క్రితం ఒక ఇటలీ కళాకారుడు, ఉల్క తగిలి పోప్ నేలకూలినట్టు ఒక శిల్పం చేశాడు. దానికి ఇది జవాబు. మా పోప్ కూలడు, రాయిని ఎత్తి పట్టుకుంటాడు అని భావం. చాలా గంభీరమైన ఆలోచన. కానీ చూసినవాళ్లకు కనిపించింది ఏమిటి? ఎర్రటి నీళ్లలో నిలబడి, రెండు చేతులా ఒక పెద్ద బండరాయిని తల మీదికి ఎత్తి, ఎవరి మీదనో విసరబోతున్న పోప్. ఇక ఆ రాయి ఎవరి మీద పడాలన్నది ఒక్కటే దేశానికి మిగిలిన ప్రశ్న. మీమ్ చేసేవాళ్లకు ఏ పనీ మిగల్చని శిల్పం అది. ఇలా గంభీరంగా మొదలై నవ్వులాటగా ముగిసేవి ఆ దేశంలో కొల్లలు. అందుకే అక్కడ అసంబద్ధ హాస్యానికి ముడిసరుకు కొరత రాదు.

అయితే ఇది ఇంటర్నెట్‌తో వచ్చిన గుణం కాదు.

1981 డిసెంబరు 13న పోలండ్‌లో సైనిక పాలన పెట్టారు. టీవీలో రాత్రి ఏడున్నర వార్తలంటే శుద్ధ అబద్ధాలని అందరికీ తెలుసు. ష్విద్నిక్ అనే చిన్న ఊరి జనం 1982 ఫిబ్రవరిలో ఒక పని మొదలుపెట్టారు. సరిగ్గా ఏడున్నరకు ఊరు ఊరంతా షికారుకు బయలుదేరేది. గడ్డకట్టే చలిలో. కొందరు టీవీ పెట్టెను కిటికీలో వీధి వైపు తిప్పి పెట్టి వెళ్లేవారు, వార్తలు వీధే వింటుందని. కొందరు ఆ టీవీని పసిపిల్లల తోపుడుబండిలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, షికారుకు తీసుకెళ్లేవారు. ప్రభుత్వం కర్ఫ్యూను ఏడు గంటలకు జరిపింది. జనం అయిదు గంటల వార్తల వేళకు షికారు జరుపుకున్నారు. పోలీసు ఏమని అరెస్టు చేస్తాడు? షికారు చేస్తున్నావని రాయాలా, టీవీకి చలి తగలకుండా చూశావని రాయాలా?

అదే ఏడాది వ్రోత్స్వాఫ్‌లో ఇంకో కథ. గోడల మీద రాత్రికి రాత్రి ప్రభుత్వ వ్యతిరేక నినాదాలు వెలిసేవి. అధికారులు వాటి మీద రంగు పూయించేవారు. నినాదం పోయేది, గోడ మీద మచ్చ మిగిలేది. ఆ మచ్చ చూసిన ప్రతివాడికీ అక్కడ ఏదో ఉండేదని తెలిసేది. 1982 ఆగస్టు చివరి రోజుల్లో వాల్దెమార్ ఫిద్రిఖ్ అనే యువకుడు స్నేహితుడితో కలిసి అలాంటి ఒక మచ్చ మీద క్రస్నల్ బొమ్మ గీశాడు. క్రస్నల్ అంటే వాళ్ల పిల్లల కథల్లో ఉండే పొట్టివాడు, నెత్తిన మొనదేలిన టోపీ ఉంటుంది. తర్వాత ఎన్నో ఊళ్లలో గోడల మీద వందల క్రస్నల్‌లు వచ్చాయి. ఫిద్రిఖ్ దీనికి ఇచ్చిన తాత్విక వివరణను సభలో పాత కమ్యూనిస్టులు ఎవరైనా ఉంటే బాగా ఆస్వాదిస్తారు. నినాదం థీసిస్, రంగు మచ్చ యాంటీ థీసిస్, క్రస్నల్ సింథసిస్. (నవ్వులు)

ఫిద్రిఖ్ గుంపు పేరు పొమరాంచోవా ఆల్తెర్నాతివా, అంటే నారింజ ప్రత్యామ్నాయం. 1987లో వాళ్లు నడివీధిలో జనానికి మరుగుదొడ్డి కాగితం పంచారు. అప్పట్లో అది దుకాణాల్లో దొరకని అపురూప వస్తువు. 1988 జూన్ 1న, బాలల దినోత్సవం నాడు, వేలమంది నారింజ రంగు టోపీలు పెట్టుకుని క్రస్నల్‌లుగా ఊరేగారు. పోలీసులు పట్టుకోవాలి, పట్టుకుంటే కాగితం మీద రాయాలి. 'చట్టవిరుద్ధమైన క్రస్నల్‌ల సమావేశంలో ఎందుకు పాల్గొన్నావు?' అని ఒక అధికారి మిమ్మల్ని అడిగితే ఆ అధికారిని మీరు ఇక ఎప్పటికైనా సీరియస్‌గా తీసుకోగలరా అని ఫిద్రిఖ్ అనేవాడు. నినాదానికి శిక్ష ఉంది. టోపీకి ఏ సెక్షన్ పెడతారు?

ఇప్పుడు ఆ నగరంలో ఎక్కడ చూసినా మోకాలి ఎత్తు కూడా లేని కంచు క్రస్నల్‌లు ఉంటాయి, వందల్లో. మొదటిదాన్ని 2001లో ష్విద్నిత్స్కా వీధిలో పెట్టారు, ఆ గుంపు జ్ఞాపకార్థం. తర్వాత బ్యాంకుకు ఒకటి, హోటలుకు ఒకటి వచ్చాయి. పర్యాటకులు పటం పట్టుకుని వాటిని వెతుక్కుంటూ తిరుగుతారు. ఒకప్పుడు పోలీసులు వెంటపడినవాటిని ఇప్పుడు ఊరు తనే తుడిచి మెరుగు పెడుతోంది. నాకు అవి ముద్దుగానే అనిపించేవి గానీ, అధికారిక క్రస్నల్‌ను చూస్తే నవ్వు రాదు.

సాహిత్యంలోనూ ఈ పరంపర ఉంది. గావ్చిన్‌స్కీ అనే కవి 1946 నుంచి ప్షెక్రుయ్ వారపత్రికలో 'జెలోనా గెన్ష్', పచ్చ బాతు అనే పేరుతో నాలుగైదు మాటల నాటికలు రాశాడు. ఒకదాంట్లో పాము ఈవ్‌కు ఆపిల్ ఇస్తుంది, కొరికి ఆదాముకు ఇవ్వమంటుంది. ఈవ్ ఆకలి మీద ఉంది, మొత్తం తినేస్తుంది. బైబిల్ అంతా వృథా అయిపోయిందే అని ఆదాము వాపోతాడు. తెర. ఇంతే నాటిక. దీనికి ఒక బొమ్మ తగిలిస్తే ఈ రోజు మీమ్. బారెయా అనే దర్శకుడి 1981 నాటి సినిమాలో చవక హోటలు బల్లకు పళ్లేలను మరలతో బిగించి, చెంచాలను గొలుసుతో కట్టి ఉంచుతారు, ఎవరూ ఎత్తుకుపోకుండా. ఇప్పటికీ ప్రభుత్వ కార్యాలయంలో ఏదైనా విచిత్రం ఎదురైతే పోలండ్ వాళ్లు 'బారెయా సినిమాలా ఉంది' అని నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు నేను నివాసపత్రం కోసం వరుసలో నిలబడి నేర్చుకున్నాను.

ఇక మీమ్‌ల దగ్గరికి మళ్లీ వస్తాను. మన మీమ్‌లలో చాలావాటికి సినిమా ఆధారం. బ్రహ్మానందం ముఖం కనిపించగానే సందర్భం మనకు గుర్తొస్తుంది, నవ్వు సగం అక్కడే వచ్చేస్తుంది. పోలండ్ మీమ్‌లో ఉన్నది బోర్నియో అడవుల పెద్దముక్కు కోతి. పోలండ్ భాషలో నొసాచ్. దానికీ పోలండ్‌కూ ఏ సంబంధమూ లేదు. ఎవరో ఆ వేలాడే ముక్కూ, ఆ బొర్రా, ఆ అసంతృప్తి నిండిన ముఖమూ చూసి ఇది మా బాబాయే అన్నారు. దానికి యానుష్ అని పేరు పెట్టారు. యానుష్ సాక్సుల మీద చెప్పులు వేసుకుంటాడు. ప్లాస్టిక్ సంచులను ఇంకో సంచిలో దాచుకుంటాడు. పక్కింటివాడు కొత్త కారు కొంటే వాడికి కడుపునొప్పి. భార్య పేరు గ్రజీనా. నిజం చెప్పాలంటే ఈ నొసాచ్ మీమ్‌లు నాకు అంత నచ్చవు. చదువుకుని నగరంలో స్థిరపడ్డ పిల్లలు ఊళ్లో ఉన్న తండ్రులను చూసి నవ్వుకోవడం వాటిలో కొంత ఉంది.

అదే తండ్రి మీద ఇంకో రకం ఉంది, అది నా మనసు దోచుకుంది. ఇంటర్నెట్‌లో చేతులు మారుతూ తిరిగే చిన్న గద్యాన్ని అక్కడ పాస్తా అంటారు. అన్నిటికంటే పేరు పొందిన పాస్తా ఒక కొడుకు చెప్పే కథ. మా నాన్నకు చేపల వేట పిచ్చి, ఇల్లు సగం గాలాలతో నిండిపోయింది అని మొదలవుతుంది. నేల మీద పడి ఉన్న కొక్కేలు కొడుకు కాలికి గుచ్చుకుంటూనే ఉంటాయి, ప్రతిసారీ ఆస్పత్రికి పరుగు. ఒకసారి వేరే ఏదో పరీక్ష కోసం వెళితే రిసెప్షన్‌లోని ఆవిడ వాణ్ణి చూడగానే, ఏమీ అడగకుండానే, బూటు విప్పమంటుంది. ఆ తండ్రికి మత్స్యకారుల సంఘం అంటే ప్రాణం మీదికొచ్చేంత కోపం, భోజనాల దగ్గర ఆ సంఘాన్ని తిట్టుకుంటూ ఎర్రబడిపోతాడు. కోపంగానే రాసిన కథ, కానీ ఆ కొడుకు తండ్రిని ఎంత శ్రద్ధగా చూశాడో ప్రతి వాక్యంలో తెలుస్తుంది. 2017లో దాన్ని చిన్న సినిమాగా కూడా తీశారు. నాకు తెలిసిన పోలండ్ కుర్రాళ్లు కొందరు దీన్ని పేరాలకు పేరాలు అప్పజెబుతారు. మన పెద్దవాళ్లు పోతన పద్యాలు అప్పజెప్పినట్టు, అంత తప్పుల్లేకుండా.

భాష కూడా వీళ్లకు సాయం. ఏ మాటకైనా ఒక తోక తగిలించి చిన్నది చేయగలరు. కావా అంటే కాఫీ, కవూషా అంటే కాఫీ బుజ్జి. పెద్ద వయసు ఆంటీలు పూలూ, మెరుపులూ పెట్టి 'తియ్యని కవూషా తాగండి' అని శుభోదయం బొమ్మలు పంపుతారు. మన కుటుంబ వాట్సాప్ గుంపుల్లో వచ్చేవాటి సొంత అక్కచెల్లెళ్లు అవి. కుర్రాళ్లు అవే బొమ్మలను, అదే మెరుపుతో, ముఖం గంభీరంగా పెట్టి ఒకరికొకరు పంపుకుంటారు. 2021లో యువత మాటగా ఎంపికైంది ష్పియుల్కొలోత్. నిద్రకు ముద్దుపేరు, దాని వెనక విమానం అనే మాటలోని తోక. అంటే మంచం, పడుకోగానే ఎగిరిపోయే మంచం. 2017లో ఎంపికైందైతే అసలు మాటే కాదు, ఎక్స్‌డీ అనే నవ్వు గుర్తు.

మరి ప్రభుత్వాలు? అవీ తమ వంతు చేస్తాయి. 2020 మే 10న అధ్యక్ష ఎన్నికలు పోస్టు ద్వారా జరపాలనుకున్నారు. బ్యాలెట్లు అచ్చయ్యాయి. ఎన్నిక జరగలేదు. రద్దు కూడా కాలేదు. ఆ రోజు వచ్చింది, పోలింగు కేంద్రాలు తెరుచుకోలేదు, రోజు వెళ్లిపోయింది. ఖర్చు సుమారు 7 కోట్ల జ్లోటీలు. బాధ్యత చూసిన మంత్రి పేరు యాత్సెక్ సాశిన్. దాంతో సాశిన్ అనేది కొలమానమైంది. ఒక సాశిన్ అంటే 7 కోట్ల జ్లోటీలు. కొత్త వంతెనకు ఎన్ని సాశిన్‌లు, ఆస్పత్రికి ఎన్ని సాశిన్‌లు అని జనం లెక్క వేసుకున్నారు. అదే నెలలో అప్పటి దేశాధ్యక్షుడు దూదా కరోనా వైద్యుల కోసం విరాళాల సవాలులో పాల్గొని ర్యాప్ పాడారు. మంచి పనే. కానీ అందులో 'పొగమంచు పదునైన నీడ' అని ఒక మాట ఉంది. పొగమంచుకు నీడ ఏమిటి, ఆ నీడకు పదునేమిటి? ఆ ప్రశ్నకు జవాబుగా కొన్ని వారాలు దేశమంతా బొమ్మలు గీసింది.

కానీ గమనించండి, సాశిన్ జోకు అప్పుడే పాతబడుతోంది. మంత్రి పదవి పోయింది, పదును పోయింది. గురి ఉన్న బాణం గురిని తాకాక పడిపోతుంది. దేన్నీ గురిపెట్టని 21:37కు ఆ బెడద లేదు. గడియారం రోజుకొకసారి దాన్ని కొత్తగా చెబుతుంది.

అలాంటి 'ఏమీ లేని' జోకుల్లో ఒకటి మాత్రం నన్ను ఇబ్బంది పెడుతుంది. దాటేసి పోలేను. 2006లో బియావిస్తోక్ నగర మేయర్ పదవికి క్రిష్తోఫ్ కొనొనోవిచ్ అనే ఆయన పోటీ చేశాడు. అల్లిన స్వెటరు వేసుకుని టీవీలో ప్రచారం చేశాడు. దొంగతనాలు ఉండవు, బందిపోట్లు ఉండరు అని చెప్పుకుంటూ పోయి చివరికి 'ఏమీ ఉండదు' అన్నాడు. దేశం పగలబడి నవ్వింది. ఆ మాట సామెత అయింది. తప్పులేదు, ఏ నాయకుడూ అంత నిజాయితీగా హామీ ఇచ్చి ఉండడు. కానీ నవ్వు అక్కడ ఆగలేదు. తర్వాత ఏళ్ల తరబడి కొందరు ఆ పేదవాడి ఇంట్లోకి కెమెరాలతో చొరబడి, ఆయన అవమానాన్ని రోజువారీ వినోదంగా అమ్ముకున్నారు. 2025 మార్చిలో ఆయన చనిపోయాడు. క్రస్నల్ టోపీ పెట్టుకున్నవాడు తనే ఎంచుకుని పెట్టుకున్నాడు. స్వెటరు వేసుకున్నాయన ఎంచుకోలేదు. నా పోలండ్ స్నేహితులు ఇప్పటికీ 'ఏమీ ఉండదు' అంటూనే ఉంటారు. నేను మానేశాను.

సమయం అయిపోతోందని అధ్యక్షులవారు చీటీ పంపారు. ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను.

దేశాలను గుండ్రటి బంతులుగా గీసే బొమ్మలు మీరు చూసే ఉంటారు. అవి 2009లో ఒక జర్మన్ సైటులో పోలండ్‌ను ఏడిపించడానికి పుట్టాయి. పోలండ్ జెండాలో పైన తెలుపు, కింద ఎరుపు. బంతి మీద మాత్రం తిరగేసి ఉంటుంది. ఆ బంతికి ఇంగ్లీషు సరిగా రాదు, దాని శాశ్వత దుఃఖం ఒక్కటే: పోలండ్ అంతరిక్షంలోకి పోలేదు. నిజానికి 1978లోనే హెర్మషెఫ్‌స్కీ అనే పోలండ్ పైలట్ సోవియట్ నౌకలో వెళ్లొచ్చాడు. ఆ సంగతి పోలండ్ వాళ్లందరికీ తెలుసు. అయినా ఆ జోకును పరాయివాళ్ల దగ్గరి నుంచి లాక్కుని తమ సొంతం చేసుకున్నారు, వాళ్లే అందరికంటే ఎక్కువ వాడుకున్నారు.

2025 జూన్ 25న మన శుభాంశు శుక్లా వెళ్లిన నౌకలోనే స్వావోష్ ఉజ్నాన్‌స్కీ-విష్నియెఫ్‌స్కీ అనే పోలండ్ వ్యోమగామి కూడా వెళ్లాడు. వెంట పియెరోగీలు తీసుకెళ్లాడు. అవి మన కజ్జికాయ ఆకారంలో ఉండే కూరిన కుడుములు. మనకు మధ్యాహ్నం పన్నెండు దాటుతుండగా ప్రయోగం జరిగింది. వెంటనే నా పాత సహోద్యోగికి, ఆ రాత్రి మొదట కూనిరాగం తీసినవాడికే, అభినందనలు పంపాను. మీ పాత జోకు ఇక పనికిరాదు, కొత్తది వెతుక్కోండి అని కూడా రాశాను. రోజంతా జవాబు లేదు. మనసు నొచ్చుకున్నాడేమో అనుకుని పడుకున్నాను.

అర్ధరాత్రి దాటాక 1:07కి ఫోను మోగింది. 'కుడుములు వెళ్లాయి, పోలండ్ ఇంకా వెళ్లలేదు' అని రాశాడు. పగలంతా ఊరుకుని ఈ వేళకు పంపడమేమిటని విసుక్కుంటూ మూడున్నర గంటలు వెనక్కి లెక్కపెట్టుకున్నాను.

నమస్కారం. (చప్పట్లు)